దోమ పుట్టిల్లు మన ఇల్లే!
హైటెక్ సిటీ పరిసరాలలో విష జ్వరాలు – ఒక వైద్యుని స్వానుభవం

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మూడున్నర దశాబ్దాలు ఆయుర్వేద వైద్యం చేసి, వయసు మీద పడిన తరువాత హైదరాబాదు చేరిన వాడిని నేను. మా అమ్మాయీ, అల్లుడూ హైటెక్ సిటీలో ఉద్యోగులు. కొండాపూర్‌లో వారి ఫ్లాటులోనే మా దంపతుల నివాసం. జీవితమంతా ఇతరుల జ్వరాలకు మందులిచ్చిన నాకు, మా ఇంటికే వచ్చిన ఒక జ్వరం కొత్త పాఠం నేర్పినది. ఈ వ్యాసంలో కొన్ని గృహ చికిత్సలు ఉన్నవి. అయితే వాటికంటే ముందు నేను చేసిన పొరపాటును చెప్పుకొనవలసి ఉన్నది. ఆ పొరపాటు మరొక ఇంట జరుగరాదన్నదే నా కోరిక.

అది 2019వ సంవత్సరం, శ్రావణ మాసం. ఆ ఏడు తెలంగాణ అంతటా డెంగీ విజృంభించిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా మనుమరాలికి అప్పటికి తొమ్మిదేళ్లు. ఒక సోమవారం సాయంత్రం బడి నుండి వస్తూనే "తాతయ్యా, కళ్ల వెనకాల నొప్పిగా ఉంది" అన్నది. రాత్రికి ఒళ్లు కాలిపోయినది. వానాకాలపు జ్వరమే కదా అనుకొని నేనే చికిత్స ప్రారంభించాను. రక్త పరీక్ష చేయించుదామని అల్లుడు అన్నాడు. "రెండు రోజులు చూద్దాం బాబూ" అన్నాను. తిప్పతీగ కషాయం, బొప్పాయి ఆకు రసం, పలుచని గంజి ఇచ్చాను. నాలుగవ రోజు మధ్యాహ్నానికి జ్వరం దిగినది. "నాన్నగారూ, రేపటి నుంచి బడికి పంపనా?" అని మా అమ్మాయి అడిగితే, సంతోషంగా తల ఊపాను.

ఆ రాత్రి పాప కడుపు నొప్పి అన్నది. రెండు మూడుసార్లు వాంతి అయినది. తెల్లవారుజామున చేయి పట్టి చూస్తే అరచేతులు చల్లగా ఉన్నవి, నాడి సన్నగా, వేగంగా ఉన్నది. పిలిస్తే బదులు పలుకుతున్నది గాని, మగతగా ఉన్నది. అప్పుడు గాని నాకు భయం కలుగలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోయాము. మూడు రోజులు రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కించిన తరువాత బిడ్డ మనకు దక్కినది. అక్కడి వైద్యుడు వయసులో నాకు కుమారుని వంటివాడు. "జ్వరం తగ్గినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలండీ. ఇంకొక పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నా చెవులలో ఉన్నది.

దోషం ఎవరిది?

పాప ఇంటికి వచ్చిన తరువాత మా అపార్టుమెంటు వారందరూ సమావేశమైనారు. దోమలకు కారణం చెరువు అన్నారు కొందరు. పక్క స్థలంలో పునాదుల కోసం తవ్విన గోతులు అన్నారు మరికొందరు. అర్జీ వ్రాయించి అందరి చేత సంతకాలు చేయించారు. నేనూ చేశాను.

రెండు రోజుల తరువాత నగరపాలక సంస్థకు చెందిన దోమల నివారణ విభాగం కార్మికుడు ఒకాయన ఇల్లిల్లూ చూస్తూ మా ఫ్లాటుకు వచ్చాడు. చేతిలో ఒక టార్చి, ఒక గరిటె. వంటింట్లో ఫ్రిజ్ వెనుక వంగి చూశాడు, స్నానాల గదిలో బకెట్లు చూశాడు, చివరకు బాల్కనీలోకి వెళ్లి తులసి కుండీ క్రింద ఉన్న పళ్లెం బయటకు లాగాడు. అందులో రెండు వ్రేళ్ల లోతు నీరు. ఆ నీటిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ ఆడుతున్నవి.

"గిదిగో చూడండి పెద్దసారూ. చెరువు దోమ రాత్రి పూట కుడ్తది. ఈ జరం దోమ పగటి పూట కుడ్తది. ఇది చెరువుల పుట్టదు, ఇంట్లనే పుడ్తది" అన్నాడాయన.

మా ఇంటావిడ ప్రతి ఉదయం స్నానం చేసి ఆ తులసికి నీరు పోసి మ్రొక్కుతుంది. ఆమె ముఖం చూడలేకపోయాను. తులసి మొక్క దోమలను తరిమివేస్తుందని ఎందరో రోగులకు చెప్పిన వాడిని నేనే. కుండీలో నిలుచున్న మొక్క దోమను తరమలేదు, దాని క్రింది పళ్లెంలో నిలిచిన నీరు మాత్రం దోమను పెంచినది. మా పాపను కుట్టిన దోమ ఆ పళ్లెంలో పుట్టినదే అని నిర్ధారణగా చెప్పలేను. బడిలోనైనా కుట్టి ఉండవచ్చు. కాని ఆ నాటి నుండి చెరువును తిట్టడం మానుకొని, దోమ సంగతి మొదటి నుండి చదువుకొన్నాను. అదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

ప్రాచీనులు ఏమన్నారు?

సుశ్రుత సంహిత కల్పస్థానంలో కీటకాల విషాన్ని వివరించే అధ్యాయం ఒకటి కలదు. అందులో మశకాలు, అనగా దోమలు, ఐదు విధాలని చెప్పబడినది. అవి సాముద్రం, పరిమండలం, హస్తిమశకం, కృష్ణం, పార్వతీయం. చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసం, అనగా ఊళ్లకు ఊళ్లు ఒకేసారి వ్యాధి పాలు కావడం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కలదు. మనుషుల ఆహారం, శరీర తత్త్వం, వయస్సు వేరు వేరుగా ఉండగా అందరికీ ఒకే కాలంలో ఒకే వ్యాధి ఎట్లు కలుగును అన్న ప్రశ్నకు అక్కడ సమాధానం ఉన్నది. వాయువు, జలం, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ సమానమైనవి గనుక, అవి చెడినప్పుడు అందరూ చెడుదురని భావం. చెడిన దేశానికి చెప్పిన లక్షణాలలో దోమలు, ఈగలు, ఎలుకలు మితిమీరడం కూడా ఉన్నది.

ఇది గొప్ప పరిశీలన. అయితే దోమ అక్కడ చెడిన నేలకు గుర్తుగా చెప్పబడినదే గాని, ఒకరి రక్తం నుండి మరొకరి రక్తానికి జ్వరాన్ని మోసే వాహనంగా కాదు. ఆ నిరూపణకు మన హైదరాబాదు జంటనగరమే వేదిక అయినది. హైటెక్ సిటీకి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, సర్ రొనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం నేటికీ ఉన్నది. సైనిక వైద్యుడైన రాస్ అక్కడ ఎండాకాలపు ఉక్కలో దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. పంకా ఊపితే దోమలు ఎగిరిపోతాయని గాలి లేకుండానే పని చేశాడు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవట. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించుకొన్నందుకు ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున చెల్లించాడు. 1897 ఆగస్టు 20న అట్టి దోమ ఒకదాని జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించినది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పరిశోధన చేసి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా నేటికీ పాటిస్తున్నారు.

మూడు దోమలు – మూడు పుట్టిళ్లు

దోమలన్నీ ఒకటి కావు. నగరవాసి ముఖ్యంగా మూడింటిని గుర్తించవలెను. కుట్టేది ఆడ దోమ మాత్రమే. గ్రుడ్లు పెట్టుటకు దానికి రక్తం అవసరం. మగ దోమ పూల తేనె, మొక్కల రసం త్రాగి బ్రతుకుతుంది.

క్యూలెక్స్: ఇది మురుగు నీటి దోమ. కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు చేరిన చెరువులు దీని పుట్టిళ్లు. దుర్గం చెరువు మొదలుకొని మన ఐటీ ప్రాంతపు చెరువులలో మురుగు చేరి గుర్రపుడెక్క అల్లుకొన్నప్పుడెల్లా చుట్టుప్రక్కల వారికి నిద్ర కరువైనది దీని వల్లనే. నీటి మీద తెప్ప వలె గ్రుడ్లను పేర్చి పెడుతుంది. రాత్రి కుడుతుంది. బోదకాలును వ్యాపింపజేసేది ఇదే. డెంగీని మాత్రం ఇది మోయదు.

అనాఫిలిస్: ఇది మలేరియా దోమ. దీనిలో నగరాలకు అలవాటు పడిన స్టీఫెన్సై అనే జాతి ఓవర్‌హెడ్ ట్యాంకులలో, బావులలో, కట్టుబడి స్థలాలలో తడుపుటకు నిలువ ఉంచిన తేట నీటిలో పెరుగుతుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో నిర్మాణం ఆగినది లేదు. ఈ నేల రాతి నేల. బండను తొలిచి తీసిన సెల్లారు గోతిలో వాన నీరు ఇంకదు, రోజుల తరబడి నిలుస్తుంది. పైన కట్టుబడి, క్రింద కుంట. దోమకు ఇంతకంటే అనుకూలం ఏమి కావలెను?

ఏడిస్: కాళ్ల మీద తెల్లని చారలు గల నల్లని దోమ. డెంగీ, చికున్‌గున్యా దీని ద్వారా వచ్చును. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలై 2006లో ఊరూరా కీళ్లు పట్టివేసిన చికున్‌గున్యాను మరచిన వారుండరు. ఈ దోమకు మురుగు నచ్చదు. మనం నిలువ చేసిన నీరే దీనికి ఇష్టం. కూలరు, డ్రమ్ము, పూలకుండీ పళ్లెం, ఫ్రిజ్ వెనుక అడుగున ఉండే తట్ట, మేడ మీది పాత టైరు, త్రాగి పారవేసిన కొబ్బరి బొండాం, మూత సరిగా పడని సంపు, సెల్లారులోని లిఫ్టు గుంత ఇవన్నీ దీని నివాసాలే. ఉదయం వేళ, మరల సాయంత్రం చీకటి పడక ముందు ఎక్కువగా కుడుతుంది. ఎండాకాలంలో మన ప్రాంతం ట్యాంకరు నీటి మీద ఆధారపడుతుంది. నీరు కరువైన కొద్దీ డ్రమ్ములూ, బకెట్లూ పెరుగుతాయి. కనుక ఈ దోమ వానకే గాక నీటి ఎద్దడికి కూడా పెరుగుతుంది.

గ్రుడ్డు మొదలు దోమ వరకు

ఏడిస్ దోమ ఒక విడతకు సుమారు 100 గ్రుడ్లు పెడుతుంది. అన్నిటినీ ఒకే చోట పెట్టదు. నాలుగైదు పాత్రలలో కొన్ని కొన్నిగా పంచుతుంది. ఒక పాత్రను మనం బోర్లించినా మిగిలినవి బ్రతుకుతాయి. పైగా గ్రుడ్లను నీటిలో గాక, నీటి అంచుకు కొంచెం పైన, తడిసిన గోడకు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా ఆ గ్రుడ్లు నెలల తరబడి చావక నిలుస్తాయి. మరల నీరు తగలగానే పొదుగబడతాయి. వేసవిలో అటక మీద పెట్టిన కూలరును మరుసటి ఏడు దింపి నీరు పోస్తే, నిరుటి గ్రుడ్లు ఈ ఏడు దోమలవుతాయి.

గ్రుడ్డు నుండి లార్వా, లార్వా నుండి ప్యూపా, ప్యూపా నుండి దోమ. మన వాతావరణంలో ఇదంతా సుమారు 8 నుండి 10 రోజుల పని. వారానికి ఒక రోజు నీటిని పారబోయమని చెప్పుటలోని రహస్యం ఇదే. దోమకు రెక్కలు రాక ముందే దాని పుట్టిల్లు ఎండిపోతుంది. అయితే పారబోస్తే చాలదు, లోపలి గోడలను పీచుతో గట్టిగా తోమవలెను. లేకున్న గ్రుడ్లు అంటుకొనే ఉంటాయి.

పేట నుండి పేటకు వ్యాపించే తీరు

ఏడిస్ దోమ ఎక్కువ దూరం ఎగురలేదు. సాధారణంగా తన జీవితకాలంలో 400 మీటర్లు దాటి పోదు. మరి డెంగీ కొండాపూర్ నుండి గచ్చిబౌలికి, అక్కడి నుండి నగరం ఆ చివరకు ఎట్లు పోతున్నది? దోమ తీసుకొని పోవడం లేదు, మనిషి తీసుకొని పోతున్నాడు.

డెంగీ సోకిన మనిషి రక్తంలో జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుండి, జ్వరం మొదలైన తరువాత సుమారు ఐదు రోజుల వరకు వైరస్ ఉంటుంది. ఆ రోజులలో అతడు ఆఫీసుకు పోతాడు, హాస్టలు గదిలో నలుగురితో ఉంటాడు, పిల్లలు బడికి పోతారు. అక్కడి దోమ అతనిని కుట్టినప్పుడు వైరస్ దాని లోపలికి చేరుతుంది. 8 నుండి 12 రోజులకు ఆ దోమ ఇతరులకు అంటించగలిగినది అవుతుంది. ఆపై జీవించినంత కాలం ప్రమాదకారియే. ఈ దోమ స్థిరంగా కూర్చుని కడుపు నింపుకోదు. చేయి విదిలిస్తే లేచి పక్కవానిని కుడుతుంది. అందుకే ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు ఒకేసారి పడకెక్కుతారు. కుట్టిన 4 నుండి 10 రోజులకు జ్వరం వస్తుంది.

వీధిలో పొగ యంత్రం తిరిగినంత మాత్రాన ధైర్యపడరాదు. ఆ పొగ ఎగిరే దోమలనే చంపుతుంది, నీటిలోని పురుగులను తాకదు. ఏడిస్ పగలంతా మంచాల క్రింద, పరదాల మాటున, బట్టల కొక్కెముల వద్ద దాగి ఉంటుంది. వీధిలోని పొగ అక్కడికి చేరదు.

జ్వరం దిగినదని భ్రమపడరాదు

నా పొరపాటు ఇక్కడే జరిగినది. డెంగీలో మూడవ రోజు నుండి ఏడవ రోజు మధ్య జ్వరం దిగే సమయమే ప్రమాద సమయం. ఆ వేళ కొందరికి రక్తనాళాల నుండి ద్రవం బయటకు స్రవించి, రక్తపోటు పడిపోతుంది. అందరూ ప్లేట్‌లెట్ల సంఖ్యనే చూస్తారు గాని, ప్రాణం తీసేది ముఖ్యంగా ఈ ద్రవ నష్టమే.

తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేక ముక్కు నుండి రక్తం, నల్లని విరేచనం, మూత్రం తగ్గుట, చేతులు కాళ్లు చల్లబడుట, మగత, అశాంతి – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయాలతో కాలయాపన చేయక తక్షణం ఆసుపత్రికి చేరవలెను. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడరాదు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం మొదలైన ఐదు రోజుల లోపల ఎన్.ఎస్.1 పరీక్ష చేయించవలెను. ఆ తరువాత ఐజీఎం పరీక్ష.

గృహ వైద్యం – దాని మేలు, దాని హద్దు

బొప్పాయి ఆకు రసం: ప్లేట్‌లెట్లు పెరిగినట్లు కొన్ని పరిశోధనలు చెప్పినవి. ప్రాణాపాయాన్ని తప్పిస్తుందని మాత్రం రుజువు కాలేదు. వాంతులున్న వారికి ఇది మరింత వాంతి కలిగిస్తుంది. దీనిని నమ్ముకొని పరీక్ష మానరాదు.

షడంగ పానీయం: తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి వేసి కాచిన నీరు. జ్వరంలోని దప్పికకు శాస్త్రోక్తమైనది. చల్లార్చి కొద్ది కొద్దిగా త్రాగించవచ్చును. డెంగీని ఇది నయం చేయదు. ద్రవం శరీరానికి అందుటకు సహాయపడుతుంది. గంజి, కొబ్బరినీరు, పలుచని మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. కూడా అంతే మేలు.

వేపనూనె: కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి ఒంటికి రాసుకొనవచ్చును. అన్ని దోమల మీద ఒకే విధంగా పనిచేయదు. గంటకో రెండు గంటలకో మరల రాయవలసి ఉంటుంది. పిల్లల కడుపులోకి ఎంతమాత్రం పోరాదు.

ధూపం: ఎండిన వేపాకు, వావిలాకు, సాంబ్రాణి పొగ సంధ్యవేళ దోమను కొంతసేపు దూరంగా ఉంచుతుంది. ఉబ్బసం గలవారు, పసిబిడ్డలు ఉన్న గదిలో వేయరాదు.

దోమతెర: జ్వరం వచ్చిన వారిని పగటి పూట కూడా దోమతెరలో పడుకోబెట్టవలెను. వారిని దోమ కుట్టకుంటే, ఆ ఇంటి నుండి వ్యాధి పక్కింటికి పోదు. ఇరుగుపొరుగుకు మనం చేయగల మొదటి ఉపకారం ఇదే.

వారానికి పది నిమిషాలు

2020 మే నెలలో తెలంగాణలో ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లోని నిలువ నీటిని తొలగించమని ఒక ప్రచారం జరిగినది. ప్రచారాల హోరు తగ్గినా మా ఇంట ఆ అలవాటు నిలిచినది. మేము చేసే పనులు ఇవి:

1. కూలరు, పూలకుండీ పళ్లాలు, ఫ్రిజ్ తట్ట ఖాళీ చేసి, పీచుతో తోమి, ఎండబెట్టుట. తులసి కుండీ క్రింద ఇప్పుడు పళ్లెం లేదు, ఇసుక పోసిన తట్ట ఉన్నది.
2. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు మూతలు సరిచూచుట. గాలి గొట్టాలకు సన్నని జాలీ కట్టుట.
3. మేడ మీద, సెల్లారులో, లిఫ్టు గుంతలో నిలిచిన నీటిని తోడించుట.
4. తోడలేని నీటి కుంటలలో గప్పీ లేక గంబూషియా చేపలు వదలుటకు, లేదా మందు చల్లుటకు నగరపాలక సిబ్బందికి తెలుపుట. మురుగు గుంతలలో వారు నూనెలో తడిపిన రంపపు పొట్టు ఉండలు వేస్తారు.
5. వాడని మరుగుదొడ్డిలో వారానికొకసారి నీరు వదలుట. ఊరికి పోయేటప్పుడు మూత వేసి పోవుట.

మా అపార్టుమెంటు వారి అర్జీ వృథా కాలేదు. పక్క స్థలంలోని గోతిలో మందు చల్లారు. కాని అదే వారం మేమంతా కలిసి మా నలభై ఫ్లాట్లూ వెదికితే, పదకొండు ఇళ్లలో పురుగులు దొరికినవి. అర్జీలో సంతకం చేసిన ఇళ్లే అవన్నీ. నవ్వుకొన్నాము, సిగ్గుపడ్డాము, మరుసటి ఆదివారం నుండి అందరం కలిసి చూచుకొంటున్నాము.

వాయువు, జలం, దేశం, కాలం అందరికీ సమానమని ప్రాచీనులు అన్నారు. ఒక ఇంటి నీరు చెడితే పది ఇళ్ల పిల్లలకు జ్వరం అన్నది దాని నేటి అర్థమని నేను గ్రహించాను. మా మనుమరాలు ఇప్పుడు పెద్ద పిల్ల అయినది. ప్రతి ఆదివారం టార్చి పట్టుకొని ముందు నడిచేది ఆమే. "తాతయ్యా, ఫ్రిజ్ వెనకాల చూశారా?" అని అడుగుతుంది. చూడకపోతే కాఫీ ఇవ్వనివ్వదు. పాఠకులు కూడా ఈ వ్యాసం చదివి ముగించిన వెంటనే లేచి, ఒక్కసారి తమ ఇంటి ఫ్రిజ్ వెనుకా, కుండీల క్రిందా చూడవలెనని నా మనవి.